మడమ దరువు

"చూశారా అమ్మగారూ, పాత రికార్డులో ఉన్న చప్పుడంతా కడిగి పారేశాం!" అన్నాడు సౌండ్ ఇంజనీరు.

మా ఆయన బ్లూస్ పాటలు మళ్ళీ విడుదలవుతున్నాయి. గది నిండా జనం, నా పక్కనే ఆయన, కూర్చుని రికార్డు వింటున్నారు. గిటారు తేటగా వినబడుతోంది, ఆయన గొంతు కూడా.

"ఏ చప్పుడు బాబూ?"

"వెనకాల ఒకటే టకటక. మీ వంటింట్లో పాడారటగా, ఏ తలుపో కొట్టుకుని ఉంటుంది."

తలుపు కాదు, నా మడమ. మా మహానుభావుడు నోరు తెరిస్తే తాళం గాలికి పోయేది. చెక్క నేల మీద నేను దరువు వేస్తుంటే, తప్పినప్పుడల్లా దాన్ని పట్టుకుని మళ్ళీ దారిలో పడేవాడు. పేరు ఆయనకి, వాచిన కాలు నాకు.

ఇప్పుడు రెండిటినీ కలిపే ఆ దరువు లేక, రెండో చరణానికే గొంతుదో దారి, గిటారుదో దారి.

"అబ్బ! తాళానికి లొంగని గొంతు!" అన్నాడు పత్రికాయన. "ఎలా సాధించారు సార్?"

మా ఆయన నా వైపు చూశాడు. ఈ ముసలితనంలోనైనా చెబుతాడనుకున్నాను.

"పుట్టుకతో వచ్చిందండీ," అన్నాడు.

నా మడమ ఊరుకోలేదు. పాటతో పాటు నేల మీద దరువు మొదలుపెట్టింది. ఆయన తల దానికి తగ్గట్టే ఊగింది. అలవాటు ఎక్కడికి పోతుంది?

అంతలోనే ఉలిక్కిపడి, నా చెవి దగ్గరకు వంగాడు.

"కాలు ఆపవే. నలుగురూ వింటున్నారు."