కాగిన అయస్కాంతం

క్రేను అయస్కాంతం నుంచి జారిన ఇనుప దూలం కూలీ ఒర్లాండో పక్కనే పడింది. హామిల్టన్ ఊళ్లోని ఆ పాత ఇనుము యార్డులో పని ఆగిపోయింది.

"దూలం మీద మట్టి తుడిచావా?" సూపర్‌వైజరు మార్నీ అతని మీదికి వచ్చింది. "మధ్యలో మట్టి ఉంటే అయస్కాంతం గట్టిగా పట్టదని తెలీదా?"

"తుడిచానమ్మా."

"బాగానే తుడిచావు! ఇక సామాను సర్దుకో."

క్రేను నడిపే కాజిమిర్ అయస్కాంతాన్ని నేలకు దించి, తానూ దిగాడు. దాని మీద చెయ్యి ఆనించకముందే సెగ తగిలింది. మధ్యాహ్నం భోజనాలప్పుడు అతను కళ్లు మూసుకుని దేవుణ్ణి తలచుకున్నాడు, తిన్నాడు, కాస్త కునికాడు. అయస్కాంతానికి కరెంటు మాత్రం ఆపలేదు. లోపలి తీగచుట్ట అంతసేపూ కాగింది. చుట్ట కాగితే అందులో పారే కరెంటు తగ్గుతుంది. కరెంటు తగ్గితే పట్టు సడలుతుంది. కొత్తవాళ్లకు ఈ సంగతి నేర్పేది తనే.

నోరు విప్పితే క్రేను పని పోతుంది. విప్పకపోతే రేపు దేవుడి ముందు కళ్లు ఎలా మూసుకోవడం?

ఒర్లాండో దగ్గరికొచ్చాడు. "ఏమనుకోకన్నా. సరిగ్గా తుడవలేదేమో. నా వల్ల నీకూ మాట వచ్చేది."

చావు తప్పించుకున్నవాడు తనకు క్షమాపణ చెప్పుకుంటున్నాడు.

"మార్నీ, ఇలా రా. దీని మీద చెయ్యి పెట్టు."

ఆమె పెట్టి, చటుక్కున తీసేసింది. "భోజనాలప్పుడు ఆపలేదా?"

"నేను గుర్తు చెయ్యాల్సిందమ్మా," అన్నాడు ఒర్లాండో.

"నువ్వు ఊరుకోరా!" అన్నాడు కాజిమిర్. "ఇంకెన్ని నీ నెత్తినేసుకుంటావు? ఆపాల్సింది నేను."

కాజిమిర్ క్రేను తాళాలు తీసి మార్నీ చేతిలో పెట్టాడు. అప్పుడు గాని ఒర్లాండో ముఖంలోకి చూడలేకపోయాడు.