రెప్ప వెయ్యి బాబూ

"రెప్ప వెయ్యి బాబూ! రెప్ప!"

వంతెన దిగగానే ఉన్న బస్టాపు బెంచీ మీద నుంచి మళ్ళీ అదే కేక.

ఆమెకు ఒళ్ళు మండింది.

నెల రోజులుగా ఇదే వరస. ఆమె తొక్కడం ఆపి వంతెన మీద నుంచి జారుతుంటే సైకిల్ చక్రం టిక్‌టిక్‌మంటుంది. వెంటనే ఆ టోపీ మనిషి నోరు తెరుస్తాడు.

పైగా బాబూ అట! జుట్టు కత్తిరించుకుని ప్యాంటు తొడుక్కున్న పాపానికి వెక్కిరింపు.

"వాడు నన్నే చూస్తుంటాడు మామయ్యా," అంది గడియారాల షాపులో. "టోపీ ముక్కు మీదికి లాక్కుని, దాని కింద నుంచి దొంగచూపులు."

"ఏం, నీ మొహంలో టైము కనబడుతోందా వాడికి?" అన్నాడు మేనమామ తల ఎత్తకుండా. "వాణ్ణొదిలేసి రోడ్డు చూసుకో. కంట్లో నలక పడిందంటే గోడ గడియారాలు తుడవడం తప్ప నీకిక్కడ పనుండదు."

నోటి దురుసే గానీ, ఆ మాట నిజం. చేతి గడియారంలో పళ్ళచక్రాలు ఆవగింజలో సగం. భూతద్దం గొట్టాన్ని కుడి కంటికి ఆనించి పని చెయ్యాలి. కళ్ళజోడు అడ్డం. అందుకే కంట్లో పెట్టుకునే లెన్సులు. ఆ కుడి కన్నే ఆమెకు తిండి పెడుతోంది.

సోమవారం ఎదురుగాలి. వెనక లారీ. ఆమె కళ్ళు విప్పార్చుకుని, ఊపిరి బిగబట్టి తొక్కింది. వంతెన దిగుతుంటే కుడి కంట్లో ఇసుక గుచ్చుకుంది. ఎండిపోయిన లెన్సు జారి చెంపకు అతుక్కుంది.

బస్టాపు దగ్గర ఆగింది. కంట్లో నిప్పు పడ్డట్టుంది. లెన్సు అరచేతిలో పెట్టుకుని నీళ్ళ సీసా మూత తిప్పింది.

"ఛ! పాడు లెన్సు!"

బెంచీ మీది టోపీ లేచింది.

"అయ్యో, ఆడపిల్లవా తల్లీ! లెన్సు ఊడిందా? నీళ్ళతో కడగొద్దు. పారెయ్ దాన్ని."

"ఇన్నాళ్ళకి తెలిసిందా ఆడపిల్లనని! నీ పని చూసుకో."

"కడిగి పెట్టుకోవద్దమ్మా. నా మాట విను."

ఆమె సీసా వంచింది. నీళ్ళు గుడగుడమన్నాయి.

అతను ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. గాలిలో చెయ్యి అటూ ఇటూ ఆడించాడు. అది ఆమె భుజానికి తగిలింది. తర్వాత మోచేతికి. ఆ తర్వాత సీసాకి.

సీసా రోడ్డు మీద పడింది. లెన్సు మురుగుకాలువలో కలిసింది.

"మీద చెయ్యి వేస్తావా!" ఆమె గొంతు చించుకుంది. "రోజూ గుడ్లప్పగించి చూసేది చాలకనా!"

అతను ఏదో అనబోయాడు. ఎవరూ వినిపించుకోలేదు.

పక్క బ్యాంకుకి ఆ రోజే కొత్తగా వచ్చిన గార్డు పరిగెత్తుకొచ్చి, అతని మెడ పట్టుకుని తోశాడు.

"మళ్ళీ ఇక్కడ కనబడ్డావో, కాళ్ళు విరగ్గొడతా!"

కన్ను అదిమి పట్టుకుని ఆమె సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళిపోయింది.

కంటి డాక్టరమ్మ దీపం వేసి చాలాసేపు చూసింది.

"గాటు పడింది."

"పని చేసుకోగలనా?"

"చిన్న గాటే. చుక్కలు వేస్తే నాలుగు రోజుల్లో మానుతుంది. లెన్సు ఏం చేశావు?"

"మంచినీళ్ళతో కడిగి పెట్టుకోబోయాను. పక్కనున్న ఒకడు అడ్డుపడ్డాడు."

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరిపింది.

"తాగే నీళ్ళే. కడుపులోకి పోతే ఏం కాదు. అందులో కంటికి కనిపించని పురుగు లెన్సు కింద చేరిందంటే మాత్రం కన్ను తినేస్తుంది. నేను చదువుకునే రోజుల్లో ఒక సైకిల్ రేసుగాడు వచ్చాడు. పందెం మధ్యలో దుమ్ము పడిందని రెండు లెన్సులూ సీసా నీళ్ళతో కడిగి పెట్టుకున్నాడు. ఆ పందెం గెలిచాడు కూడా. ఏడాది తిరక్కుండా రెండు కళ్ళూ పోయాయి."

ఆమె ఖాళీ అరచేతిని ప్యాంటుకి తుడుచుకుంది.

"గాలికి ఎదురు తొక్కేటప్పుడు పైన కళ్ళద్దాలు పెట్టుకో. రెప్ప వేస్తూ ఉండు. సైకిలెక్కితే ఆ సంగతే మర్చిపోతారు మీరు. ఇంతకీ, పెట్టుకోకుండా నిన్ను ఆపిందెవరు?"

"ఎవరో పిచ్చివాడు."

"ఆ పిచ్చివాడికి దణ్ణం పెట్టుకో."

ఐదో రోజు కన్ను తేటపడింది. భూతద్దంలో పళ్ళచక్రం పళ్ళు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపించాయి. ఆమె ఊపిరి పీల్చుకుంది.

మేనమామ అంతా ఓరకంట చూస్తూనే ఉన్నాడు.

"బతికించావు," అన్నాడు. "ఇక గోడ గడియారాలు నేనే తుడుచుకోవాలి కాబోలు."

సాయంత్రం బస్టాపు దగ్గర సైకిల్ ఆపింది. టోపీ మనిషికి ఒక్క మాట చెప్పాలి. తప్పయిందని. కన్ను నిలబడిందని.

బెంచీ ఖాళీగా ఉంది.

గార్డు నవ్వుతూ వచ్చాడు. "వాడు రావట్లేదమ్మా. మీరు హాయిగా వెళ్ళండి."

"ఎక్కడుంటాడో తెలుసా?"

"ఎవరికి తెలుసు? ఆ రోజే స్తంభానికి గుద్దుకుని, కాలువలో కాలేసి, తూలుకుంటూ పోయాడు. పొద్దున్నే తాగినట్టున్నాడు. అన్నట్టు, బెంచీ కింద వాడిదేదో పడుంటే తీసిపెట్టా."

జానెడు పొడవున మడిచిన కర్ర. పిడికి పాత రేసు సైకిల్ హ్యాండిల్ తొడుగు, వేళ్ళ అచ్చులు పడేంతగా అరిగిపోయి.

ఆమె దాన్ని విదిలించింది.

మడతలన్నీ టకటకా విచ్చుకుని, చూపు లేనివాళ్ళు దారి తడుముకునే పొడుగాటి తెల్లకర్ర ఆమె చేతిలో నిలబడింది.