వెచ్చటి చొక్కా

లాండ్రీ మూసేశాక మెకానిక్ లోపలి నుంచి షట్టరుకు తాళం వేసుకుని, స్టార్ట్ కానని మొండికేసిన డ్రయ్యర్ ముందు కూర్చున్నాడు. అలవాటుగా డ్రమ్ములో చెయ్యి పెట్టి చూశాడు. ఖాళీ. ప్లగ్గు పీకేసి, దాని వెనక్కి వెళ్లి మోటారు విప్పాడు.

తిరిగొచ్చేసరికి డ్రమ్ములో ఒక చొక్కా ఉంది. ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. ఓనరమ్మకు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇందులో ఎవరిదో చొక్కా ఉంది. వేడిగా ఉంది."

"నీకు మతిగానీ పోయిందా? వారం నుంచీ చచ్చిపడున్న దాంట్లో వేడెక్కడిదయ్యా?"

అతను చొక్కాను తడిమి చూశాడు. అంచులు చల్లగా ఉన్నాయి. వీపు భాగం మాత్రమే వెచ్చగా ఉంది. మెడపట్టీ చెమటతో తడిసి ఉంది.

"ఇది డ్రయ్యర్ వేడి కాదమ్మా," అన్నాడు మెల్లగా. "ఎవరో ఇప్పుడే ఒంటిమీంచి విప్పారు."

షట్టరు తాళంచెవి అతని జేబులోనే ఉంది.