చిరిగిన మూల

“అడిగినంతా ఇస్తానంది కదయ్యా ఆవిడ! ఎందుకు పంపించేశావు?” కాజాలక్క సూది ఆపి నిలదీసింది.

టైలరు ఆ బొమ్మ పెట్టెను మళ్ళీ అద్దాల బీరువాలో పెట్టాడు. “చిరుగు వంక చూడనైనా చూడలేదక్కా.”

“చూడకపోతే మంచిదేగా! అమ్మేవాళ్ళు సొట్ట దాచుకుంటారు. నువ్వేమో దానికే పెద్ద ఫొటో తీయించి ప్రకటన ఇచ్చావు. ఎలుక కొరికిందని చెప్పెయ్, పీడా పోతుంది.”

“ఎలుక కాదు. మా అమ్మాయి చించింది.”

కాజాలక్క తలొంచి మళ్ళీ సూది గుచ్చింది. అతను ఈ ఊరొచ్చి కొట్టు తెరిచినప్పటి నుంచీ ఆమె ఇక్కడే కాజాలు కుడుతోంది. భార్య పోయిందని తెలుసు. కూతురి మాటెత్తితే మాత్రం మిషను చప్పుడే జవాబు. అలిగి వెళ్ళిపోయిందేమోనని ఆమె అనుమానం. రోజూ ఆ పెట్టెను తుడుస్తాడు, దాని ముందే అన్నం తింటాడు, సగం వదిలేస్తాడు. అది కొట్లోంచి కదిలితే తప్ప ఈ మనిషి మళ్ళీ మనిషి కాడని ఆమె బెంగ.

సాయంత్రం వానలో ఒక పెద్దాయన వచ్చాడు. గొడుగు గుమ్మం బయటే ఆనించి, చేతిరుమాలుతో వేళ్ళు తుడుచుకుని గాని పెట్టెను ముట్టుకోలేదు. మర్యాదస్తుడే అనుకుంది కాజాలక్క.

“ఇలాంటి ఫ్యాషన్ బొమ్మలు ఇప్పుడు రావడం లేదు. గౌను కూడా నలగలేదు. ఎవరిది?”

“మా అమ్మాయిది.”

“ఆడుకునే వయసు దాటిపోయిందన్నమాట.”

“దాటిపోయింది.”

ఆయన బొమ్మను వదిలేసి, పెట్టె చిరిగిన మూలను వేలితో నిమిరాడు. అట్ట మీద అచ్చువేసిన బొమ్మ టోపీ అక్కడ సగంలో తెగిపోయింది.

“దీన్ని చూసే వచ్చాను,” అంటూ జేబులోంచి చిన్న కవరు తీశాడు. “సగం వస్తువు ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదు.”

కవరులో అట్టముక్క. దాని మీద అచ్చువేసిన నీలం ఈక.

“అదృష్టమంటే ఇదే!” కాజాలక్క చేతులు జోడించినంత పని చేసింది. “ఇంకేం చూస్తావు తమ్ముడూ, ఇచ్చెయ్.”

టైలరు ముక్కను అందుకున్నాడు. చారల గుడ్డను అతుకు దగ్గర కలిపినట్టు గీతకు గీత ఆనించాడు. ఈక వచ్చి టోపీలో కూర్చుంది. చిరుగు అంచున పోగుకు పోగు కలిసింది.

“ఎక్కడ దొరికిందండీ?”

పెద్దాయన నవ్వాడు. “దొరుకుతుంటాయి. ఏది దొరికినా పారెయ్యను నేను. ధర చెప్పండి.”

“చెప్తాను. కూర్చోండి.”

ఆయన బల్ల మీద కూర్చున్నాడు. టైలరు ఆ ముక్కను ఇంకా పెట్టెకు అదిమిపట్టుకునే ఉండటం చూసింది కాజాలక్క. బొమ్మను వదులుకోలేకపోతున్నాడనుకుని జాలిపడింది.

“అక్కా, తలుపు గడియ పెట్టు.”

“వాన జల్లు లోపలికి రావడం లేదుగా?”

“పెట్టక్కా.”

ఆమె గడియ పెట్టి వెనక్కి తిరిగేసరికి, అతను కత్తెర అందుకుని, పెద్దాయనకూ తలుపుకూ మధ్య నిలబడి ఉన్నాడు.

“మా పాప కనబడకుండా పోయిన రోజు ఈ ముక్క దాని గుప్పిట్లో ఉందక్కా.”