ఎనిమిదో నంబరు రక్తం

ప్రొఫెసర్ తలుపు ఆమె తట్టడం పొద్దుటినుంచి ఇది నాలుగోసారి.

"మళ్ళీ వచ్చావా? ముందు ఆ ఏసీ కట్టెయ్. అసలే తల పగిలిపోతోంది."

ఆమె కట్టేసింది. "సార్, మీతో ఒంటరిగా అయిదు నిమిషాలు మాట్లాడాలి."

"ఎనిమిదో నంబరు సంగతేగా? అందరి ముందే తేల్చుకుందాం పద."

ల్యాబులో సహాయాచార్యుడు పళ్ళికిలించాడు. "బాగా సన్నబడ్డారు సార్! డైటింగా?"

ఆయన నేరుగా సీసాల బల్ల దగ్గరికి నడిచాడు.

వాళ్ళు పరిశోధిస్తున్న పరాన్నజీవి తెల్లరక్తకణంలో దూరుతుంది. కణం తాలూకు ప్రొటీన్లనే కత్తిరించి, అది కేకపెట్టకుండా నోరు నొక్కేస్తుంది. ఇంటివాడికి తెలియకుండా ఇంట్లో కాపురం పెడుతుంది. పోల్చి చూడడానికి పదిమంది ఆరోగ్యవంతులు రక్తమిచ్చారు. సీసాల మీద పేర్లుండవు, అంకెలే. ఆ పదింటిలోనూ కత్తిరించిన ప్రొటీన్లు కనిపించకూడదు.

ఎనిమిదో దానిలో కనిపించాయి. ఆమె మూడుసార్లు పరీక్షించింది. మూడుసార్లూ కనిపించాయి.

"వారంలో పేపరు పంపాలి. నువ్వు సీసాలు తారుమారు చేసి కూర్చున్నావు!"

"తారుమారు కాలేదు సార్."

"అయితే రాయిలా ఉన్న మనిషి రక్తం అబద్ధమాడుతోందా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె చెవులు వేడెక్కాయి. "సార్, దయచేసి మీ గదిలో..."

"ఏడవడానికా? ఇక్కడే ఏడువు."

ఆమె కాంట్రాక్టు ఈ నెలతో ముగుస్తుంది. ఆరేళ్ళ పని ఆయన సంతకం మీద వేలాడుతోంది. ఆయన నిలువుకాళ్ళ మీదే ఆ కాంట్రాక్టు కాగితం లాక్కుని, 'పొడిగించనక్కరలేదు' అని రాశాడు. చెయ్యి వణికింది. కోపమనే అందరూ అనుకున్నారు. కాగితం బల్లమీదికి విసిరి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. గుమ్మంవైపు రెండడుగులు వేసింది. ఆగింది. వెనక్కి తిరిగి మళ్ళీ ఆయన గదివైపే నడిచింది.

"ఇంకా కాళ్ళావేళ్ళా పడడం దేనికమ్మా?" సహాయాచార్యుడు జాలిపడ్డాడు. "నీ విషయం తేలిపోయిందిగా. హాయిగా ఇంటికెళ్ళు."

"నా విషయం కాదండీ."

"మరెవరిది?"

ఆమె అప్పటికే తలుపు దగ్గరికి చేరింది.

రక్తమిచ్చినవాళ్ళ పేర్లున్న రిజిస్టరు ఆమె ఒక్కతే చూడవచ్చు. రక్తంలో బయటపడిన జబ్బును ఆ రక్తమిచ్చిన మనిషికి తప్ప మరెవరి చెవినా వేయకూడదన్నది నియమం కనుక, ఆమె అయిదోసారి ఆయన తలుపే తట్టింది.