నీలం కోటు పట్టిన రోజు

“నాకొద్దత్తయ్యా,” అంటూ కోడలు కంచాన్ని బల్ల మీద అవతలికి జరిపింది. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. గుడ్డు మీద మాత్రం చెంచాతో గీసిన చిన్న గాటు.

“పొద్దున్నా ఇదే మాట. గాలి పీల్చి పాలివ్వడం ఎక్కడైనా నేర్పుతున్నారా ఏమిటి?” అంది అత్త, కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే.

“రాత్రికి తింటాన్లెండి కాస్త.”

“ఆ కాస్త నేనూ చూస్తున్నాగా. పిచ్చుకకి పెడితే అలుగుతుంది.”

కోడలు అప్పటికే అద్దం ముందుకు వెళ్లిపోయింది. పెద్ద హోటల్లో వచ్చేవాళ్లని నవ్వుతూ పలకరించి గది తాళం చేతికిచ్చే ఉద్యోగం ఆమెది. కాన్పు సెలవు అయిపోవస్తోంది. హోటలువాళ్లిచ్చిన నీలం కోటు తొడుక్కుని, ఊపిరి బిగబట్టి, నడుం దగ్గరి గుండీని లాగింది. అది కాజా అంచుదాకా వచ్చి జారిపోయింది.

“కొత్తది అడగరాదూ?”

“అడిగాను. కోటు పట్టినవాళ్లు ముందు హాల్లో, పట్టనివాళ్లు వెనక దుప్పట్ల గదిలో అన్నాడు మేనేజరు. నవ్వుతూనే అన్నాడు.”

“వాణ్ణి కూడా ఓ బిడ్డని మోయమను, తెలుస్తుంది. అయినా వాడి పొట్ట ఏ కోటులో పడుతోందట?”

కోడలికి నవ్వొచ్చింది. నవ్వుతూనే గోడకి ఆనుకుంది. కళ్లు తిరిగాయని అత్తకి తెలిసిపోయింది.

లోపల పాప లేచింది. కోడలు ఒళ్లోకి తీసుకుంది. పాప రెండు గుక్కలు తాగి, వదిలి, మళ్లీ పట్టుకుని, మళ్లీ వదిలేసి ఏడుపు లంకించుకుంది. అత్త మిషను ఆపి వచ్చి పక్కన కూర్చుంది.

“అమ్మాయ్, దానికి చాలడం లేదు.”

“ఈ కోటు ఒక్కటీ పట్టనివ్వండి అత్తయ్యా. ఆ రోజు నుంచి మీరెంత పెడితే అంత తింటాను. మాటిస్తున్నాను.”

మర్నాడు ఆస్పత్రిలో నర్సమ్మ పాపని తూకం మీద పడుకోబెట్టింది. ముల్లు చూసి, పాపని ఎత్తి, మళ్లీ పడుకోబెట్టి చూసింది.

“పోయినసారి కంటే తగ్గింది. నువ్వేం తింటున్నావు?”

“అన్నీ తింటున్నానండి,” అంది కోడలు.

నర్సమ్మ అత్త వైపు చూసింది. అత్త నోరు తెరవబోయింది. ఇంతలో కోడలి వేళ్లు ఆవిడ చెయ్యి పట్టుకున్నాయి. మంచుముక్కల్లా ఉన్నాయి. అత్త ఆ వేళ్లని తన చేతుల్లోకి తీసుకుంది.

“చూడమ్మా, పాలిచ్చే తల్లి మామూలు కంటే ఎక్కువే తినాలి. ఒళ్లు తగ్గాలంటే నెమ్మదిగా తగ్గుతుంది, తొందరేముంది? ఇలా కడుపు మాడ్చుకుంటే ముందు నువ్వు ఆరిపోతావు, తర్వాత పాలు. వచ్చేవారం మళ్లీ తీసుకురా. అప్పటికీ బరువు పెరగకపోతే పాపని ఆస్పత్రిలో చేర్చమంటారు డాక్టరుగారు.”

బస్సులో కోడలు దారంతా కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఇక దారికొస్తుందనుకుంది అత్త. ఇంటికి రాగానే కంచం పెట్టింది. కోడలు రెండు ముద్దలు కలిపి, ఒకటి నోట్లో పెట్టుకుని, తల తిప్పి కొక్కేనికున్న కోటు వంక చూసింది. చెయ్యి కడిగేసుకుంది.

మధ్యాహ్నం తల్లీబిడ్డా నిద్రపోయారు. అత్త గిరాకీ బట్టలు పక్కన పడేసి కోటు కిందికి దించింది. పిచ్చిది, తిండి మీద పగ పట్టలేదు, ఈ గుండీ మీద పట్టింది, అనుకుంది. లోపలి అస్తరు విప్పి చూస్తే రెండు పక్కలా మడిచి కుట్టిన బట్ట కావలసినంత ఉంది. మిషను చప్పుడుకి లేస్తుందని చేత్తోనే మొదలుపెట్టింది. పాత కుట్టు ఊడదీసి బట్ట వదిలింది. గుండీ బిగుతుగా పడితే మళ్లీ అద్దం చుట్టూ తిరుగుతుందని ఇంకాస్త వదిలింది. పాత గీత కనబడకుండా తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసి, కోటుని ఎప్పటిలాగే కొక్కేనికి తగిలించింది. ఇన్నాళ్ల పనిలో ఎవరి కొలతలోనూ ఆవిడ అబద్ధమాడలేదు. ఇదొక్కటీ పాప కోసం, అనుకుంది.

సాయంత్రం కోడలు నిద్ర లేచి, ముఖమైనా కడుక్కోకుండా కోటు తొడుక్కుంది. గుండీ పడింది. నమ్మలేనట్టు విప్పి మళ్లీ పెట్టుకుంది. పక్కకి తిరిగి చూసుకుంది, వెనక్కి తిరిగి చూసుకుంది.

“అత్తయ్యా, పట్టింది.”

“పట్టకేం? నేను చెప్పలేదూ?” అంటూ అత్త వంటింట్లోకి పరుగులాంటి నడకతో వెళ్లింది. వేడి అన్నం, కూర, రెండు గుడ్లు, గ్లాసుడు పాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. కుర్చీ లాగింది. “రా తల్లీ. మాటంటే మాట.”

కోడలు వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు. అత్తని గట్టిగా వాటేసుకుంది. ఎన్నాళ్లకో ఆ ముఖంలో వెలుగు చూసి అత్తకి కళ్లు చెమ్మగిల్లాయి. తర్వాత కోడలు కోటు విప్పి, జాగ్రత్తగా మడిచి, ఆవిడ చేతుల్లో పెట్టింది.

“నడుం దగ్గర వదులైపోయింది, మునుపటికంటే ఇంకాస్త బిగించి కుట్టండత్తయ్యా, రాత్రి తినే ఆ కాస్త కూడా మానేస్తే వారం తిరిగేసరికి దానికీ సరిపోతాను.”