పంజరం నూనె

"లచ్చమ్మా, మూత పెట్టు! ఒక్క చుక్క గూడ నోట్ల పోసుకోకు!"

రేచల్ కేకకు శంషాబాద్ కాలనీ కమ్యూనిటీ హాలులో కూర్చున్న నలభై మందీ వెనక్కి తిరిగారు. లచ్చమ్మ చేతిలోని చెంచా గాలిలోనే ఆగిపోయింది. వేదిక మీద మైకు పట్టుకున్న హరిప్రసాద్ మాత్రం నవ్వు చెదరనివ్వలేదు. అతని ముందు బల్ల మీద నల్లటి నూనె సీసాలు కిటికీలోంచి పడుతున్న ఎండలో మెరుస్తున్నాయి.

"రండి మేడం గారూ, కూర్చోండి. మీక్కూడా ఒక చెంచా ఇస్తాం."

"కూసోనికి రాలే నేను."

రేచల్ ఇక్కడి జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. పక్కింటి లచ్చమ్మ ఎయిర్‌పోర్టులో నేలలు తుడిచే పని చేస్తుంది. నిన్న డ్యూటీలోనే కళ్లు తిరిగి పడిపోతే, కబురందుకుని దవాఖానకు తీసుకుపోయింది రేచలే. షుగర్ నాలుగు వందలు దాటింది. గోలీలు ఎందుకు బంద్ చేశావని అడిగితే లచ్చమ్మ ఈ నూనె పేరు చెప్పింది.

"షుగర్ గోలీలు మానెయ్యమని చెప్పనీకి మీరెవరు?" రేచల్ కోపంగా నిలదీసింది.

"నేనెవర్నండీ, సైన్సు చెప్తోంది." హరిప్రసాద్ ఫుట్‌బాల్ లాంటి ప్లాస్టిక్ బొమ్మనొకదాన్ని పైకెత్తాడు. "దీని పేరు ఫుల్లరీన్. అరవై కార్బన్ పరమాణువులు చేరి కట్టుకున్న పంజరం. దీన్ని కనిపెట్టినవాళ్లకు నోబెల్ ఇచ్చారు. ఇది ఒంట్లోకి వెళ్లి, రోగాన్ని పట్టి లోపల పెట్టి తాళం వేస్తుంది."

నెత్తి మీదుగా విమానమొకటి దిగింది. ఆ మోత తగ్గేదాకా ఆగి, రేచల్ వేదికెక్కి బొమ్మను అతని చేతిలోంచి లాక్కుంది.

"తలుపేది?"

"ఏంటండీ?"

"రోగాన్ని లోపల పెడ్తదంటివి గద. తలుపు చూపియ్యి." 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిన సంగతి ఆమె గమనించనే లేదు. "చూడుండ్రి. ఐదు మూలల పలకలు పన్నెండు, ఆరు మూలలయి ఇరవై. ఏ రెండు ఐదు మూలల పలకలు ఒకదాన్నొకటి తాకయి. అందుకే గిది అంత గట్టిగుంటది. యాడ సందు లేదు. షుగర్ ఎటు నుంచి దూరుతది?"

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. హరిప్రసాద్ కూడా నవ్వాడు.

"మీరే గట్టిదంటున్నారు. అంత గట్టి వస్తువు ఒంట్లోకి వెళ్తే హాని ఏముంటుందండీ?"

"గట్టిదంటే ముక్కలుగాదని. దేంతోని కలవదని గాదు!" రేచల్ జనం వైపు తిరిగింది. "కార్బన్‌ను గిట్ల గుండ్రంగ వంచి కట్టినప్పుడు ఆ బంధాలన్ని బిగుసుకోని ఉంటయి. దొరికినదాన్ని పట్టుకుందామనే చూస్తయి. ఎండ తగిలితే గాలిల ఉన్న ఆక్సిజన్‌ను గూడ రెచ్చగొడ్తది. నూనెల కలిపి, తెల్ల సీసాల పోసి, కిటికీ కాడ పెట్టిండు. గిప్పుడు అండ్ల ఏం తయారైందో ఈయనకే ఎరుకలేదు. అది మీతోని తాపిస్తున్నడు!"

హాలులో గుసగుసలు మొదలయ్యాయి. లచ్చమ్మ చెంచాను మెల్లగా కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"మేడం, జర ఆగరాదు," కొత్వాల్‌గూడ నుంచి వచ్చిన మల్లేశ్వర్ లేచాడు. "నా మోకాళ్లు మంచిగైనయి మరి."

"చూశారా!" హరిప్రసాద్ మైకు అందుకున్నాడు. "మేడం గారు లేనిపోని భయాలు పెడుతున్నారు. మా నూనెలో ఉన్నది తొంభై తొమ్మిది శాతం శుద్ధమైన ఫుల్లరీన్!"

"గట్లనా? అయితే చూద్దాం."

రేచల్ సంచిలోంచి కాలేజీ ల్యాబు గరాటు, గాజు గ్లాసు, వడపోత కాగితం తీసి బల్ల మీద పెట్టింది. లచ్చమ్మ సీసానే తెప్పించి గరాటులో వంపింది.

"నిజమైన ఫుల్లరీన్ నూనెల కరుగుతది. కరిగితే నూనె రంగే ఊదా ఎరుపుకు మారుతది, ఎన్నిసార్లు వడగట్టినా ఆ ఎరుపు పోదు. మసి అయితే కరగదు. కాయితం మీదనే ఆగుతది."

అందరూ బల్ల చుట్టూ మూగారు. ఒక్కో చుక్కా గ్లాసులోకి జారుతోంది. కాసేపటికి గ్లాసు అడుగున పసుపుపచ్చని నూనె చేరింది. కాగితం మీద మిగిలినదంతా నల్లటి బురద.

రేచల్ గ్లాసును వెలుతురులోకి ఎత్తి పట్టుకుంది.

"దీంట్ల ఫుల్లరీన్ లేదు, ఏం లేదు. ఒట్టి పల్లి నూనె, దీపం మసి! రోగమొచ్చినోళ్ల భయం మీద గిట్ల యాపారం చేస్తవా? సిగ్గనిపిస్తలేదా నీకు?"

హరిప్రసాద్ ముఖం పాలిపోయింది. మైకు ఆపేసి, ఒక్కో సీసానూ గబగబా అట్టపెట్టెలో సర్దసాగాడు. జనం అతని వైపే చూస్తున్నారు. రేచల్ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

లచ్చమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. గ్లాసులోకి వంగి చూసింది. వేలు ముంచి వాసన చూసింది.

"బిడ్డా, ఇందాక నువ్వు చెప్పినవే, ఎండకు ఏందో అయితదని... ఆ కెమికల్ దీంట్ల లేనే లేదా?"

"లేదు లచ్చమ్మా. రవ్వంత గూడ లేదు."

"మంచిగ చూసినవా?"

"నీ కండ్ల ముందే చూసిన గద."

లచ్చమ్మ ముఖం విప్పారింది. రేచల్ చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకుంది. తర్వాత హరిప్రసాద్ వైపు తిరిగింది.

"సారూ, పెట్టె మూయకు. నాకు ఇంకో రెండు సీసాలియ్యి. ఇన్నొద్దులు అండ్ల ఏం కెమికలున్నదోనని భయపడుకుంట తాగిన, ఇగ ధైర్నంగ తాగుత."